నాంపల్లి మిద్దె మీద మంచు

ఏప్రిల్ నెల. ఇంకా పొద్దు పొడవలేదు. నాంపల్లి స్టేషను వెనక ఒక ఇంటి మిద్దె మీద యూనీస్, ఆమె వదిన ప్రేమలీల.

"ముందు ఆ చీపురు కింద పెట్టు."

"ఏం లేదు వదినా. ఊరికెనే."

"ఊరికెనేనా? నిన్న గిట్లనే. మొన్న గిట్లనే. మిద్దె మీద పిల్లులు కొట్లాడుతున్నయట, మీ అన్న అంటుండు. పిల్లి గాదు, మీ చెల్లె అని చెప్తే నమ్ముతలేడు."

"నిద్ర పట్టలె."

"నిద్ర పట్టకుంటే ప్రార్థన చేస్కుంటరు, లేకుంటే ఫోన్ చూస్కుంటరు. మిద్దె ఊడ్వరు. అయినా ఊడ్వనీకి గీడ ఏమున్నది? రెండు పావురాల ఈకలు."

"నవ్వనంటే చెప్త."

"నవ్వ. చెప్పు."

"మెలకువ కాంగనే... మంచు పడ్డదేమో అనిపించింది."

"అయ్యో..."

"నవ్వనన్నవ్!"

"నవ్వుతలేనే తల్లీ, దగ్గొచ్చింది. మంచు! ఏప్రిల్‌ల! నాంపల్లిల! రాత్రి కూలర్ ముంగట నుంచి లేవలె నువ్వు."

"నిద్రల యాదికుంటదా ఏడున్ననో? మా ఊర్లె గంతే వదినా. కండ్లు తెర్వకముందే చెయ్యి పార కోసం వెతుకుతది."

"మా ఊరేంది, మా ఊరు? నీ ఊరు నాంపల్లి. గా హిమాచల్ గుట్టల మిషన్ దవాఖానల నర్సు కొలువుకు పోయినవ్. గది కూడ ఇయ్యాల్టితోని అయిపాయె. పదకొండింటికి బషీర్‌బాగ్‌ల ఇంటర్వ్యూ. గీడి దవాఖానోళ్లు ఔ అన్నరంటే ఇగ గాడికి మళ్ల పోయేది లేదు."

"తెలుసు."

"గంత సల్లగ అంటవేంది? బషీర్‌బాగ్ దవాఖాన కమలకుమారి సిస్టర్ కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఖాయం చేసిన."

"వస్త అన్న గద. చీర కూడ ఇస్త్రీ చేసి పెట్టిన."

"మరి మిద్దె ఎందుకు ఊడుస్తున్నవ్?"

"అలవాటన్న గద."

"ఆ అలవాటేందో జర చెప్పు. ఇన్నేండ్లున్నవ్ గాడ, ఎన్నడన్న చెప్పినవా? 'చలి ఉంది, మంచిగున్న' అని ఫోన్ పెట్టేసుడు తప్ప."

"గాడ అన్నీ మట్టి మిద్దెలు. మంచు పడంగనే తీసెయ్యాలె. ఎండ తాకిందా, కరిగి ఇంట్లకు కురుస్తది."

"ఎప్పుడు పడతదో టీవీల చెప్పరా?"

"టీవీ ఒకటి చెప్తది, గుట్ట ఒకటి చేస్తది. ఒక్కోసారి చలికాలమంత సుక్క పడదు. ఇగ పడదులే అని బఠాణీ విత్తుతరా, మోకాలి లోతు పడతది. పోయినేడు ఒక పెండ్లిల గట్లనే, ఊరేగింపు నడుమ మొదలైంది. పెండ్లికొడుకు గుర్రం దిగి, పార పట్టుకొని, తొవ్వ తీస్కుంట పిల్లోళ్ల ఇంటికి పోయిండు."

"సూటు మీదనా?"

"కొత్త బూట్లతోని."

"మన దగ్గర వానొస్తే అబిడ్స్‌ల బూట్లు చేతుల పట్టుకొని నడుస్తం. గంతే తేడా."

"ఇంకోటి. రేపు వస్త, ఎల్లుండి వస్త అని గాడ ఎవ్వరనరు. 'మంచు చూద్దాం' అంటరు. తారీఖు చెప్పిండంటే వాడు కొత్తోడని లెక్క."

"మన దర్జీ వెంకటేశ్వర్లును గాడికి పంపాలె. ఎప్పుడడిగినా రేపంటడు. నాల్గు దినాలుంటే నిజం చెప్పుడు నేర్చుకుంటడు. మరి వచ్చేటప్పుడు నువ్వేమన్నవ్?"

"పదో తారీఖుకు వస్త అన్న."

"ఎవరితోని?"

"దవాఖానల."

"దవాఖానల ఎవరితోని?"

"అందరితోని."

"అందరితోని. మంచిది. ఇప్పుడు నీ మిద్దె మీద మంచు ఎవరు తీస్తున్నరు?"

"పక్కింటోళ్లు. ముందు ఎవరిది వాళ్లు తీస్కోవాలె, తర్వాత ముసలోళ్లది, ఆఖరికి తాళం పెట్టిన ఇండ్లది. గది ఊరి పద్ధతి."

"పక్కింట్ల ఎవరుంటరు?"

"ఒక ముసలామె."

"ఎంత ముసలామె?"

"ఎనభై ఉంటయేమో."

"ఎనభై ఏండ్లామె నిచ్చెనెక్కి మంచు తీస్తదా?"

"గుట్టల మనుషులు గట్టిగుంటరు."

"ఔ మరి. మొన్న నీ ఫోన్‌ల ఫోటో చూసిన. పార పట్టుకున్న చెయ్యి. ముసలామె చేతికి గన్ని వెంట్రుకలుంటయా?"

"వదినా! నా ఫోన్ ఎందుకు చూసినవ్?"

"చార్జింగ్ పెట్టమని నువ్వే ఇచ్చినవ్. చెయ్యి అంటేనే గింత ఉలిక్కిపడుతున్నవ్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. పేరు చెప్పు."

"ముసలామె మనుమడు. రిగ్జిన్. బడి పంతులు."

"మనోళ్లేనా?"

"తాతల కాలం నుంచి చర్చికి పోతరు. క్వయర్‌ల పాడతడు. మంచిగ పాడడు గని పాడతడు."

"మంచిగ పాడకున్నా వింటున్నవంటే ఇగ అడిగేదేముంది?"

"గట్లేం లేదు!"

"మరెట్ల?"

"మార్చిల పెద్ద మంచు పడ్డది. లేచి చూస్తె నా మిద్దె సాఫ్‌గ ఉంది. వాళ్ల మిద్దె మీద మాత్రం ఎక్కడిదక్కడనే ఉంది. కరిగి కురిసి, బడి పిల్లల పరీక్ష పేపర్లన్ని నానినయ్. నాన్నమ్మ ఇంట్ల గొడుగు పట్టుకొని కూసొని తిట్టింది. ఊరంత నవ్విన్రు."

"ముందు నీది తీసిండా! అయ్యో పంతులూ, పద్ధతి మర్చిపాయె."

"నవ్వకు."

"నవ్వుతలేను. మీ అన్న నా కోసం ఎన్నడన్న ఒక బకెట్ నీళ్లు పైకి మోసిండా అని ఆలోచిస్తున్న. మరి నీతోని ఏమన్నడు పంతులు?"

"ఏమనలె. గదే గద బాధ. పదో తారీఖు వస్త అంటే 'మంచు చూద్దాం' అన్నడు, గంతే. రోజు పొద్దుగాల నా మిద్దె ఫోటో పంపుతుండె. ఆదివారం నుంచి గది కూడ బంద్."

"నెట్‌వర్క్ లేదేమో."

"ఉన్నది. గాడి దవాఖానోళ్లు నాతోని మాట్లాడుతున్నరు. మంచు కూడ పడుతుందట. అందుకే ఇంటర్వ్యూకు వస్తున్న. ఎవరి మిద్దె వాళ్లు చూస్కునుడే మంచిది."

"గిదా సంగతి! ఇంటి మీద ప్రేమతోని, పావురంగ వచ్చి వాలినవనుకున్న. నువ్వు గీడ ఉంటే నాకు మస్తు మంచిగుంటది పిల్లా, అబద్ధమెందుకు? మీ అన్నతోని మాట్లాడుడు, గోడతోని మాట్లాడుడు ఒకటే. గని నువ్వు ఏడ్చుకుంట ఉంటే నాకొద్దు."

"ఏడుస్తలేను. దుమ్ము."

"ఔ, నువ్వే లేపినవ్ గద. జర నవ్వు. ఆదివారం మీ అన్న చేసిన పని చెప్త. చర్చి అయి బయటికొస్తున్నం, అబిడ్స్ రోడ్డంత లొల్లి. ఎవడో ఫోన్ చేసిండు, హిందీల, మస్తు మర్యాదగ. 'మీ మిద్దె సాఫ్ చేస్త, ఎప్పుడు రమ్మంటరు' అని. 'మా మిద్దె మంచిగనే ఉంది భయ్యా, ఏం అవసరం లేదు' అని పెట్టేసిండు. వాటర్‌ప్రూఫింగోళ్లు ఆదివారం కూడ ఇడుస్తలేరని ఇల్లొచ్చేదాక తిట్టుకుంట... ఏమైంది? గట్ల చూస్తవేంది?"

"ఫోన్ ఎవరు చేసిన్రు?"

"చెప్పిన గద, వాటర్‌ప్రూఫింగోడు."

"పేరు చెప్పిండా?"

"చెప్పేదాక మీ అన్న ఆగితే గద."

"అన్న నంబర్ నేనే ఇచ్చిన వదినా. బస్సు కాడ అడిగిండు. తొవ్వ బంద్ అయితే ఇంటికి కబురు చేస్త అన్నడు."

"ఎవరు? పంతులా? గాడికెల్లి వచ్చి మన మిద్దె ఎందుకు ఊడుస్తడే?"

"మా ఊర్లె పిల్లనియ్యుండ్రి అని నోటితోని అడగరు. సిగ్గు. పిల్లోళ్ల మిద్దె మీద మంచు తీస్త అంటరు. ఇష్టముంటే ఇంటోళ్లు నిచ్చెన కాడ నిలబడి చాయ్ పైకి అందిస్తరు."

"ఇష్టం లేకుంటే?"

"మా మిద్దె మంచిగనే ఉంది, అవసరం లేదంటరు."

"అయ్యో ప్రభువా."

"వద్దన్నంక మళ్ల ఎన్నడు అడగరు. ఫోటోలు అందుకే..."

"ఆగు. ఆగు, ఆగు. ఏమండీ! ఓ ఆనంద్ పాల్! జల్ది మీదికి రాండ్రి!"

"ఏమాయె? పిల్లి దొరికిందా?"

"ఆదివారం వద్దన్నరు చూడండి, వాటర్‌ప్రూఫింగోడు. గాయన నంబర్ ఉన్నదా?"

"ఫోన్‌ల ఉంటది. ఎందుకు, మిద్దె కురుస్తుందా?"

"ఔ, కురుస్తుంది. మీ చెల్లె మొఖం చూడుండ్రి."

"యూనీ? ఏమైంది బిడ్డా?"

"ఏం లేదన్నా. ఫోన్ చెయ్యకు. నాకు ఇంటర్వ్యూ ఉంది."

"నువ్వు జర ఆగు. ఏమండీ, మీరు వద్దన్నది మిద్దె పని కాదు, పెండ్లి సంబంధం."

"ఎవరి సంబంధం?"

"ఇంట్ల ఇంకెవరున్నరు పెండ్లి కావాల్సినోళ్లు? పేరు రిగ్జిన్. బడి పంతులు, చర్చి మనిషి, పాట రాదు. పిల్లను అడగాలంటే గాడ మిద్దె మీద మంచు తీస్త అంటరట. ఒప్పుకుంటే చాయ్ పైకి అందియ్యాలెనట. మీరేమో మంచిగనే ఉంది పొమ్మన్నరు."

"నాకెట్ల తెలుస్తది! ఎండలు గిట్ల కాస్తుంటే..."

"మీ తప్పు తర్వాత మాట్లాడుకుందాం. ఫోన్ కలుపుండ్రి."

"ఇంత పొద్దుగాలనా?"

"గాడ ఈపాటికి అందరు మిద్దెల మీదనే ఉంటరట. యూనీ, ఒక్క మాట. ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పు, చీర కట్టుకొని బషీర్‌బాగ్ పోదాం."

"మంచు చూద్దాం."

"నీ మంచు గంగల కలువ! నాంపల్లి పిల్ల లెక్క చెప్పు."

"ఇష్టమే వదినా! చాన ఇష్టం! కమలకుమారి సిస్టర్‌కు ఏం చెప్పుకుంటవో చెప్పుకో!"

"విన్నరా? ఇగ మాట్లాడుండ్రి. రింగ్ పోతుందా?"

"పోతుంది... ఎత్తిండు. హలో, రిగ్జిన్ భయ్యా? నేను యూనీస్ అన్నను, హైదరాబాద్ నుంచి. ఆదివారం తెల్వక తప్పు చెప్పిన. గీడ మా నాంపల్లిల మస్తు మంచు పడ్డది భయ్యా, మిద్దె మీద మోకాలి లోతుంది. మాతోని అయితలేదు, మీరే రావాలె... ఔ, ఔ, ఉంటం. చాయ్ పట్టుకొని నిచ్చెన కాడనే ఉంటం."