పాట అయిపోయాక

వన్‌టౌన్‌లో పాత వీడియో కేసెట్లను ఫోన్లోకి ఎక్కించే షాపు. చంటిపాపను చంకనేసుకున్న ఒకామె తెర వంకే చూస్తోంది.

"మాయమ్మ పెళ్ళి కేసెట్టు భాయ్. నాకు ఊహ తెలీకముందే అమ్మ పోయింది. ఒక్క మాటైనా ఇనిపిత్తాదా?"

"కష్టం చెల్లెమ్మా. అప్పట్లో మాటలన్నీ తీసేసి మేమే సినిమా పాటలు కలిపేసేవోళ్ళం."

"మొత్తం పాటలేనేటి?"

"ఆగాగు! ఇక్కడ పాట అయిపోయింది, బొమ్మ ఇంకా నడుస్తంది."

తెరమీద పెళ్ళికూతురు కేకేసింది.

"ఓ కెమేరా బాబూ! సాల్లే గానీ, ముందు కూకోని అన్నం తిను!"

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

"ఇదొక్కటీ ముందు మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎట్టీ భాయ్! నా గొంతు పెద్దదని మాయత్త రోజూ ఏడిపిత్తాది. ఎక్కడ్నించొచ్చిందో ఇనమను!"