పిండిమర వాళ్ళమ్మాయి

ఏమిటే, మొహం అంత పొడుగ్గా వేలాడేసుకొచ్చావు? బడిలో ఏమైంది? ఆఁ? నాటకంలో వేషం ఇవ్వలేదా? మరేమిచ్చారు? తెర లాగే పనా! ఓసి పిచ్చిమొహమా, దానికా ఈ ముక్కు చీదుడు? ఇలా రా, కూర్చో. ఆ బఠాణీల గిన్నె కూడా ఇటు తీసుకురా, వలుస్తూ మాట్లాడుకుందాం. గింజలు గిన్నెలో వెయ్యి, నోట్లో కాదు. తెర పక్కన నిలబడటం చిన్నతనమంటే మీ నాయనమ్మ ఊరుకునేది కాదు. నువ్వావిణ్ణి చూడలేదుగా, నువ్వు పుట్టేసరికే పోయింది. గోడ మీద ఫోటోలో చూస్తే పాపం నోట్లో నాలుక లేని మనిషిలా కనబడుతుంది. ఫోటోకి మాట రాదు కాబట్టి సరిపోయింది గానీ, వచ్చి ఉంటే ఈ వీధిలో ఎవ్వరూ మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు కారు.

నాకు వదిన కాకముందు ఆవిడ పిండిమర వాళ్ళమ్మాయి. బజారు చివర వాళ్ళ నాన్న మర, దాని వెనకే ఇల్లు. పొద్దున మర చక్రానికి పట్టా తగిలిస్తే చీకటి పడేదాకా ఆ చప్పుడు ఆగేది కాదు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా అరవాల్సిందే, జ్వరంగా ఉందని చెప్పాలన్నా అరవాల్సిందే. అరుపు వాళ్ళకి కోపం కాదమ్మా, అదే వాళ్ళ మాట. వాళ్ళ నాన్న సంగతైతే చెప్పక్కర్లేదు, రెండు చెవులూ ఆ మరకే అప్పజెప్పాడు. కనుబొమ్మల దాకా పిండి, ఎవరేం చెప్పినా "ఆఁ?" అనడం. పిల్ల బడికొచ్చినా అదే గొంతు. పక్కదాని చెవిలో రబ్బరిమ్మని గుసగుసలాడితే అవతలి గదిలో మాస్టారు సుద్దముక్క పట్టుకుని తొంగిచూసి, "ఎవరికమ్మా రబ్బరు?" అనేవాడు. అప్పట్నుంచీ దాని పేరు మైకు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. నేను రెండు తరగతులు కింద. మా అన్నయ్య, అదే మీ తాత, అదిగో లోపల కుర్చీలో గురకపెడుతున్న మహానుభావుడు, తన తరగతే.

మా బడిలో శనివారం చివరి రెండు పీరియడ్లూ సంఘాలకి. చర్చల సంఘం ఉండేది. అందులో ఏటేటా కత్తి గొప్పదా కలం గొప్పదా అని కొట్టుకునేవాళ్ళు, ఏటేటా కలమే గెలిచేది, తర్వాత బయటికొచ్చి చేతులతో కొట్టుకునేవాళ్ళు. కుట్టుపని సంఘం, తోట సంఘం, నాటకాల సంఘం. నేను తోట సంఘం. ఎందుకంటే అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నవ్వకు! ఇప్పుడిలా వాగుతున్నాను గానీ, అప్పుడు నా నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార పెట్టి తవ్వాలి. నీళ్ళు మోసేదాన్ని, కలుపు తీసేదాన్ని, వంకాయ మొక్కలకి పురుగు పడితే కూర్చుని ఏడ్చేదాన్ని. ఏం చెప్తున్నాను? ఆఁ, నాటకాల సంఘం. అది మగపిల్లలది. రాణి వేషం కూడా మగపిల్లాడే, మూతి మీద నూగు గీకించుకుని మరీ వేసేవాడు. ఆడపిల్లలు కుట్టుపనిలో ఉండి ఆ రాణికి జాకెట్టు కుట్టిపెట్టాలి. అదీ వరస.

మైకు ఒకరోజు సరాసరి తెలుగు మాస్టారి దగ్గరికెళ్ళింది. నాటకాల సంఘం ఆయనదే. "మాస్టారూ, నేను నాటకంలో వేస్తా" అంది. మామూలుగానే అంది, కానీ బడి బడంతా విన్నది. మాస్టారు మెత్తని మనిషి, కాదనడం చేతకాదు, అవుననే ధైర్యం లేదు. గడ్డం గోక్కుని గోక్కుని, "అమ్మాయ్, స్టేజీ మీద వద్దుగానీ, తెర వెనక ప్రాంప్టింగు చెప్పు" అన్నాడు. అంటే తెలుసుగా, వేషగాడు మాట మర్చిపోతే వెనకనుంచి నెమ్మదిగా అందించడం. నెమ్మదిగా! చూడు మరి, పాలకుండకి పిల్లిని కాపలా పెట్టినట్టు. కానీ తను ఎగిరి గంతేసింది. నాటకమంతా, అన్ని వేషాల మాటలూ కంఠతా పట్టేసింది. మర దగ్గర గోధుమలు పోస్తూ రాజు మాటలు చెప్పేదట, పిండి పట్టించుకోడానికొచ్చినవాళ్ళు తమ వంతు అయిపోయినా కదిలేవాళ్ళు కారట.

రాజెవరనుకున్నావు? ఇంకెవరు, మీ తాతే. అప్పట్లో చూడాలి వాణ్ణి! ఆ ఎత్తూ, ఆ భుజాలూ, నడిచొస్తుంటే నిజంగా వెనక సైన్యం ఉందేమో అనిపించేది. బుర్రలో మాత్రం ఒక్క మాట నిలిచేది కాదు. ఇంట్లో అమ్మ ఉప్పు తెమ్మంటే బజారుకెళ్ళి, ఏం తెమ్మన్నావని అడగడానికి తిరిగొచ్చేవాడు.

ఆ ఏడే కొత్త హెడ్మాస్టరొచ్చాడు. సన్నగా, నిటారుగా, పిల్లలు స్కేలు అనేవాళ్ళు. వచ్చీరాగానే ఆయనకి ఈ సంఘాలు కంట్లో నలుసయ్యాయి. "శనివారం రెండు పీరియడ్లు గాలికి పోతున్నాయి. వార్షికోత్సవం చూస్తాను. దానిలో పస ఉంటే సరే, లేకపోతే వచ్చే ఏటినుంచి ఆ టైములో లెక్కలు." అంతే, ఒక్క ముక్క ఎక్కువ లేదు. తెలుగు మాస్టారికి తిండి సయించడం మానేసింది. మాకూ భయమే. వంకాయ మొక్కల్ని వదిలి శనివారం కూడా లెక్కలంటే ఇంకెందుకా బతుకు?

ఆ రోజు ఊరంతా వచ్చింది. కుట్టుపని పిల్లలు దుప్పట్లన్నీ జోడించి తెర కుట్టారు, తోట సంఘం వాళ్ళం కుండీలు మోసుకొచ్చి స్టేజీ ముందు పెట్టి వాటి పక్కనే కూర్చున్నాం. ముందు వరసలో హెడ్మాస్టరు. అన్నిటికన్నా వెనక, గోడకానుకుని, పిండి కూడా దులుపుకోకుండా మర ఆయన. కథ మాస్టారే రాశాడు. ఒక బావి కోసం తలలు పగలగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములకి రాజు తీర్పు చెప్పాలి. అన్నయ్య నడిచొచ్చాడు. చప్పట్లే చప్పట్లు. సింహాసనం మీద కూర్చున్నాడు, చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు... అంతే. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అప్పుడు తెర వెనకనుంచి గుసగుస వచ్చింది. "ఓ సోదరులారా!" ఆ గుసగుసకి ముందు వరసలో ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచింది. అన్నయ్య "ఓ సోదరులారా" అన్నాడు. మళ్ళీ వెనకనుంచి, "మీ కలహం విన్నాను!" అన్నయ్య, "మీ కలహం విన్నాను." జనంలోంచి ఎవడో, "మేమూ విన్నాం లేవయ్యా!" అన్నాడు. ఇంకొకడు, "రాజు వెనక ఇంకో రాజున్నాడర్రా!" అన్నాడు. ఇక చూడు, కడుపులు పట్టుకుని నవ్వడమే. అన్నయ్య మొహం పాలిపోయింది. అట్ట కిరీటం చెవి మీదికి జారింది. లేచాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, మెట్లు కూడా దిగకుండా వెనకనుంచి దూకి పారిపోయాడు.

సింహాసనం ఖాళీ. అన్నదమ్ముల వేషాలవాళ్ళిద్దరూ మోకాళ్ళ మీద అలాగే ఉన్నారు, లేవాలో వద్దో తెలియక. మాస్టారు తల పట్టుకున్నాడు. హెడ్మాస్టరు కాళ్ళు సర్దుకున్నాడు, లేచేవాడిలాగ. అప్పుడు దుప్పటి పక్కకి తప్పుకుంది. మైకు. మామూలు బడి బట్టలు, రెండు జడలు. వచ్చి మధ్యలో నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. మాట్లాడింది, కానీ ఏమందో నాకే వినపడలేదు, స్టేజీకి ఆనుకుని కూర్చున్నదాన్ని! పెదాలు కదులుతున్నాయి అంతే. ఇంతలో వెనక గోడ దగ్గర్నుంచి వాళ్ళ నాన్న, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అమ్మాయ్! వినపడట్లేదే! గట్టిగా!" అని ఒక్క కేక వేశాడు.

ఊళ్ళో అందరూ ఆ పిల్లని నెమ్మది, నెమ్మది అన్నవాళ్ళేనమ్మా. మాస్టార్లు, మేము, అందరం. గట్టిగా అన్నవాడు ఆయనొక్కడే. అది తల ఎత్తి ఆయన్ని చూసింది. చూసి, మర చప్పుడు మీదుగా నాన్నకి చెప్పినట్టు మొదలుపెట్టింది. "నీటి చుట్టూ గోడ కట్టారు సరే, దాహానికెక్కడ కడతారురా గోడ?" అంది. మాస్టారు రాసిన మాటే, చప్పగా ఉండేది కాయితం మీద. ఆ గొంతులో వింటే ఒళ్ళు జలదరించింది. మోకాళ్ళ మీదున్న ఇద్దరూ నిజంగానే తల దించుకున్నారు. తీర్పంతా చెప్పింది. ఒక్కడు దగ్గలేదు. అయిపోయాక జనం లేచి నిలబడ్డారు, మర ఆయన చప్పట్లు కొడుతుంటే చేతుల్లోంచి పిండి లేచింది.

హెడ్మాస్టరు తెలుగు మాస్టారి దగ్గరికెళ్ళాడు. "ఈ అమ్మాయిని తెర వెనక పెట్టిందెవరు?" అన్నాడు. మాస్టారు గడ్డం గోక్కుంటూ, "నేనేనండీ." "బుద్ధుందా మీకు?" అనేసి వెళ్ళిపోయాడు. అది తిట్టో మెప్పో ఎవరికీ అర్థం కాలేదు! సోమవారం దాకా మాస్టారు అలా గిలగిల్లాడాల్సిందే. సోమవారం హెడ్మాస్టరు నోటీసు బోర్డు మీద పెట్టాడు, సంఘాలు ఎప్పట్లాగే ఉంటాయి, నాటకాల సంఘంలో ఆడపిల్లలు కూడా చేరొచ్చు అని.

అన్నయ్యేమయ్యాడంటావా? తోట సంఘం సామాన్ల కొట్లో, పారల మధ్య దాక్కున్నాడు. కుండీలు తీశాక నేను తాళం వెయ్యడం మర్చిపోయాను, వాడక్కడే ఉంటాడని నేనూ మైకూ వెళ్ళాం. వెక్కిరించడానికొచ్చిందనుకుని వాడు గోడవైపు తిరిగిపోయాడు. అది కిరీటం తీసి ఊది దులిపి చేతిలో పెట్టి, "నువ్వు నడిచొచ్చినప్పుడే సగం నాటకం అయిపోయింది. నాకా నడక రాదు" అంది. ఆ మాటకి వాడు ఇటు తిరిగాడే, మళ్ళీ ఇంకోవైపు చూడలేదు. చదువులయ్యాక పెళ్ళి మాటొస్తే మా అమ్మ ఒకటే గోల, "ఆ పిల్ల గుసగుసలాడితేనే వీధంతా వింటుంది, ఇంటి గుట్టు ఏం నిలుస్తుంది?" అని. మా నాన్న, "మనకున్న గుట్టేమిటే, చెప్పు, నేనూ తెలుసుకుంటాను" అన్నాడు. అలా వచ్చింది మా ఇంటికి. పొద్దున్నే "అత్తయ్యా, పాలు పొంగుతున్నాయి!" అంటే అవతలి వీధిలో వాళ్ళు కూడా పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాళ్ళు.

ఆ తర్వాత నాకు టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. వేరే ఊరు, హాస్టలు. మా నాన్న వద్దన్నాడు. "నోట్లో మాట లేని పిల్ల, అక్కడ ఎలా నెగ్గుకొస్తుంది" అని. నేనేమన్నాను? లోపలికెళ్ళి గోడకానుకున్నాను. వదిన విన్నది. విని, అందరూ ఇల్లెగిరిపోతుందని చూస్తుంటే, నోరు మూసుకుంది. మర్నాడూ అంతే. వండింది, వడ్డించింది, బట్టలు ఆరేసింది, మాట లేదు. మర ఆగిపోయిన బజారులా అయిపోయింది ఇల్లు. ఇరుగుపొరుగు వాళ్ళొచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు. అమ్మకి అన్నం దిగలేదు. చివరికి నాన్నే వెళ్ళి, "అమ్మాయ్, తిట్టాలనుంటే తిట్టు, ఏదో ఒకటి అను తల్లీ" అన్నాడు. అప్పుడు, ఇదిగో ఇంత నెమ్మదిగా, "పంపించండి మావయ్యా. నోరు అక్కడికెళ్ళాక వస్తుంది" అంది. నాన్న తనే వెళ్ళి నాకు ట్రంకుపెట్టె కొనుక్కొచ్చాడు.

బస్సెక్కించడానికి వదినే వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదులుతోంది. వదిన కిటికీ పట్టుకుని రెండడుగులు నడుస్తూ ఏదో అంది. ఇంజను రొదలో నాకు వినపడలేదు. అంత గొంతు పెట్టుకుని, ఆ ఒక్క మాటా మెల్లగా అంది మరి, ఎందుకో. తర్వాత ఎన్నేళ్ళు కలిసి లేం? ఈ అరుగు మీదే కూర్చుని ఎన్ని బుట్టల కూరలు తరిగాం? అడగొచ్చుగా అంటావు. అడగొచ్చు. ఎప్పటికప్పుడు, ఆఁ, ఉందిగా, ఎక్కడికి పోతుంది, అడుగుదాంలే అనుకున్నాను...

...

గింజలు కింద పోస్తున్నావు చూడు. లే, అవి ఏరి గిన్నెలో వెయ్యి. లేచాడేమో మీ తాత, గురక ఆగింది. టీ పెడతావా అని అడుగుతాడు, వెళ్ళి పెట్టు.