ఆరుబయట చోటు

నెల్లూరులో అమ్మకానికి పెట్టిన ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. చూడటానికి వచ్చింది రోజారమణి. చూపిస్తున్నది ఓనరు కూతురు వాణి.

"బెడ్రూములు తర్వాత చూస్తాలేమ్మా. ముందు ఆ తలుపు తియ్యి."

"టెర్రసా అక్కా? అందరూ మొదట కిచెన్ అడుగుతారు."

"నేనొచ్చిందే దానికోసం. తియ్యి."

"గట్టిగా నెట్టాల. వానకి బిగుసుకున్నట్టుంది... ఆఁ, వచ్చింది. చూడండి, ఎంత విశాలంగా ఉందో. అటుపక్క చూస్తే పెన్న. సాయంత్రమైతే సముద్రం గాలి తగులుతుంది."

"గాలి బాగుండాది. ఇది మన ఒక్కరిదేనా? పక్కోళ్ళు రారు గదా?"

"ఎట్లా వస్తారక్కా? దారి మన హాల్లోంచే. పూర్తిగా ప్రైవేటు."

"పైన కప్పు లేదు."

"లేదు. కావాలంటే రేకులు వేయించుకోవచ్చు..."

"వద్దు వద్దు. ఆకాశం కనపడాల. మా ఆయన అదే అడిగినాడు."

"సారుకి మొక్కలు ఇష్టమా?"

"ఆ కొళాయి పనిచేస్తుందా?"

"చేస్తుంది. మొక్కల కోసమే మా నాన్న పెట్టించినాడు."

"నీళ్ళు పోస్తే ఎటు పోతాయి?"

"ఆ మూల తూము ఉంది. ఎన్ని పోసినా నిలవవు."

"బిందెలకి బిందెలు ఒక్కసారే పోస్తే?"

"పోతాయక్కా. అన్ని నీళ్ళెందుకు?"

"ఊరికే అడిగినా. ప్లగ్గు ఉండాదా ఇక్కడ? పెద్దది. ఫ్రిజ్జుకి పెట్టేలాంటిది."

"అదిగో గోడకి. పార్టీలు చేసుకుంటారేమో మీరు. బాగుంటుంది ఇక్కడ, చల్లగా."

"షామియానా కట్టనిస్తారా?"

"ఏం ఫంక్షనక్కా? పాప పెళ్ళా?"

"మాకు పిల్లల్లేరు. లిఫ్టు ఎంత పొడుగుంటుంది?"

"పొడుగా? ఎనిమిది మంది పడతారు."

"నిలబడితే కాదమ్మా. పడుకోబెడితే."

"పడుకోబెడితే... అదేంటక్కా?"

"పోనీలే. మెట్లు వెడల్పుగానే ఉండాయి. వచ్చేటప్పుడు చూసినా. నలుగురు మోసుకొని ఎక్కొచ్చు."

"అక్కా, మీరు దేనికోసం అడుగుతుండారు?"

"నీ దగ్గర దాచేదేముంది. మా ఆయన కోసం. ఇంక మా చేతుల్లో లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు డాక్టర్లు. ఏ ఇంటికి తీసుకుపోవాల? మేముండేది అద్దె కొంప. మా అత్త పోయినప్పుడు ఓనరమ్మ గేటుకి తాళం వేసింది. శవం లోపలికొస్తే ఇంక ఎవరూ అద్దెకి దిగరంట. రోడ్డు మీద, సైడు కాలవ పక్కన బల్లేసి పెట్టినాం ఆమెను. స్నానం కూడా అక్కడే. నలుగురం చీరలు అడ్డం పట్టుకున్నాం. బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూసినారు. ఆ పొద్దు నుంచి మా ఆయనది ఒకటే మాట. నన్ను మాత్రం రోడ్డు మీద పడుకోబెట్టొద్దు రమణీ అని."

"ఆయన ఇంకా ఉన్నారు గదక్కా. అట్లా మాట్లాడొద్దు."

"ఉండాడు గాబట్టే ఈ తిరుగుడు. మొన్న ఓనరమ్మ వచ్చి ఆయన్ని తొంగి చూసింది. బత్తాయిలు నా చేతిలో పెట్టి, నెలాఖరుకి ఖాళీ చెయ్యమనింది. తియ్యగా చెప్పిందిలే."

"మీకు సొంత ఊర్లో ఏమీ లేదా?"

"మనుబోలు మాది. ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. చేను ఉండె. పోనీ ఆ చేనికే తీసుకుపోతా అంటే మా ఆయన ఒప్పుకోలా. దిక్కులేనోడి మాదిరి చేలో వద్దు, సొంత గడప దాటి పోవాల అన్నాడు. అందుకే చేను అమ్మేసినాం. నిన్ననే. ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయినా రిజిస్ట్రారాఫీసుకి. చెయ్యి వణికి సంతకం రాలా, వేలిముద్ర వేసినాడు. ఇల్లు మనదైతే ఎవరు ఆపుతారు చెప్పు?"

"కిచెన్ చూద్దాం రండక్కా."

"కిచెన్ ఎందుకు నాకు? ఎవరికి వండాల ఇంక? మీ నాన్నని పిలువు, మాట్లాడుకుందాం."

"లేరు."

"ఊరికి పోయినాడా?"

"ఇక్కడ లేరక్కా. ఏదైనా నాతోనే మాట్లాడండి."

"సరే. ఉండు, ఆయనకి ఫోన్ చేస్తా. స్పీకర్లో పెడతా, ఆయన గొంతు పైకి రాదు. ఏమయ్యా, ఇంటున్నావా? దొరికింది."

"టెర్రసేనా?"

"టెర్రసే. పైన ఏమీ లేదు, ఉత్త ఆకాశం. ఫోను బయటికి పట్టుకుంటా, గాలి ఇనపడతా ఉండాదా?"

"ఇనపడతా ఉండాది. తలుపు పెద్దదేనా?"

"పెద్దదే. కొళాయుండాది, తూముండాది, ఐసు పెట్టెకి ప్లగ్గుండాది. తల దక్షిణానికి పెడితే కాళ్ళ దిక్కు పెన్న."

"పెన్నా?"

"పెన్నే. నీళ్ళు కూడా ఉండాయి ఇప్పుడు."

"ఖాయం చేసెయ్యి రమణీ. నాకింక భయం లేదు."

"ఆగండక్కా."

"ఏందమ్మా?"

"ముందు ఫోను పెట్టేయండి."

"ఆయన దగ్గర దాచేదేమీ లేదు. చెప్పు."

"మా నాన్న పోయినాడక్కా. వేసవిలో. ఈ టెర్రస్ చూసే కొన్నాడు ఈ ఫ్లాటు, పొద్దస్తమానం ఇక్కడే కూర్చునేవాడు. ఆసుపత్రిలో పోయినాడు. ఇంటికి తీసుకొస్తే అసోసియేషన్ వాళ్ళు పైకి రానియ్యలేదు. లిఫ్టు అందరిదీ, మెట్లు అందరివీ అన్నారు. పిల్లలు జడుసుకుంటారంట. మూడో అంతస్తులో ఎవరిదో వ్రతమంట. మా అమ్మ వాళ్ళ కాళ్ళు పట్టుకునింది."

"సొంత ఇల్లు గదమ్మా."

"టెర్రస్ మనదక్కా. అక్కడిదాకా వచ్చే దారి మనది కాదు. కింద కార్ల మధ్యలో పెట్టినాం నాన్నని. ఒకాయన ఆఫీసుకి పోవాలని కొంచెం జరపమన్నాడు. జరిపినాం."

"మరి నాకు ముందే చెప్పలేదేం?"

"చెబితే ఎవరు కొంటారు? అమ్మ ఇంక ఈ మెట్లెక్కనంటా ఉంది. మీరు పార్టీల కోసం అడుగుతున్నారనుకున్నంతసేపూ నాకేం అనిపించలేదు. అమ్మేసి పోదామనే ఉన్నా. ఆయన భయం లేదు అన్నాక నోరు ఊరుకోలా."

"ప్రాణముండంగానే తెచ్చుకుంటే? ఈ పొద్దే తెస్తా. ఇక్కడే మంచమేస్తా. ఇక్కడే పోతే ఏం చేస్తారు?"

"కింది ఫ్లాటాయన తల్లి అట్లనే ఇంట్లో పోయింది. చుట్టాలొచ్చేదాకా కూడా ఉంచనియ్యలేదు. బెడ్‌షీట్లో చుట్టి దించేసినారు."

"అట్లయితే యాడికి పోవాల మేము? చెప్పమ్మా, యాడికి పోవాల?"

"నన్ను తిట్టండక్కా. పడతా."

"నిన్ను తిడితే ఏమొస్తుంది..."

"రమణీ."

"అయ్యో, ఫోను సంగతే మరిచినా. ఇన్నావా?"

"ఇన్నా. ఆ పాపని ఏమీ అనొద్దు. తండ్రి పోయిన బిడ్డ."

"అనలేదయ్యా."

"ఏడవమాక. ఒకటి చెప్పు. మన చేను కొన్నాయన ఎట్లాంటోడు?"

"ఏమో. మంచోడి మాదిరే ఉండాడు. నిన్న నిన్ను ఆటో ఎక్కించింది ఆయనే గదా. ఎందుకు?"

"ఒక్క పూటకి ఇస్తాడేమో అడుగు."