తాత తుపాకికి ఆముదం

జర నువ్వే చెప్పు, ఓ మన పాండురంగం నాయినా! అద్దం తీర్గ మెరవనీకె గది తుపాకా, తాండూరు బండనా?

నవ్వుతున్నవా? నవ్వు. బొందల పండుకున్నోనికి ఏం ఫికరు! పైన కూసొని మొత్తుకునేది నేను గద.

పానం పోయే ముందు ఏమంటివి? “భాగమ్మా, మా తాత తుపాకి గడప దాటొద్దు. గది పోతే నన్ను ఇంకోపారి పూడ్సినట్టే” అంటివి. అందుకే గొంగట్ల సుట్టి అటుక మీద దాసిన. ఈ వానలకు ఇల్లు కురిసి గొంగడి నానింది. ఇప్పి సూస్తే తుప్పు! ఉల్లిగడ్డ తీర్గ పొరలు పొరలు. ఇంకో వాన పడితే మొలకొచ్చేది, నీ మీదొట్టు.

బరబర గీకిననుకున్నవా? ఇటుకపొడి ముట్టలే, బూడిద ముట్టలే. ఆముదం పట్టిచ్చి, పాతచీర సుట్టి నాననిచ్చిన. మెత్తవడ్డంక తుడుసుడు, మళ్ల ఆముదం. మొండి మరకకు రాగి పైస అంచు. రాగి మెత్తన గద, ఇనుముకు గీత పడదు. ఆ వాసనకు మన ధారూర్‌ల రైలు దిగాల్సినోళ్లు ముక్కు మూసుకొని వికారాబాద్ దాక పోయిండ్రట!

ఆఖరికి గొట్టం మీద సర్కారోళ్లు కొట్టిన నంబరు తేలింది. లైసెన్సు కాయితంల నంబరు, గీ నంబరు ఒక్కటైతెనే తుపాకి మనది. నువ్వే ఇంట్లకొచ్చినట్టు అనిపిచ్చింది.

గప్పుడే దిగిండు నీ కొడుకు పాండురంగం, తాండూరు నుంచి. బండలు నున్నగ జేసే పని గద, మీసాల దాక తెల్లపొడి. “అవ్వా, గిట్ల తుడుసుకుంట కూసుంటే దసరా పూజ దాటిపోతది” అన్నడు. నేను రొట్టెలు జేసి లేసేసరికి, బండలు రుద్దే రాయితోని రుద్దనే రుద్దిండు!

తుప్పు పోయింది. నంబరు గూడ పోయింది.

“ఎట్లున్నదే అవ్వా?” అని మురుసుకుంట అడిగిండు. ఏమంట? “బండ లెక్క మస్తుగున్నది కొడుకా” అన్న.

నిన్న లైసెన్సుల నీ పేరు తీసి వాని పేరు రాపిద్దామని వికారాబాద్ ఠాణాకు పోయినం. జమేదారు కాయితం సూసిండు, గొట్టం సూసిండు. గొట్టంల ఆయన మీసం అగపడ్డది, నంబరు అగపడలే. తుపాకి ఆడనే పెట్టుకున్నడు. నీ కొడుకు పసిపిల్లగాని తీర్గ ఏడ్సిండు.

నాకు ఏడుపు రాలే. ఎందుకు రాలేదో నన్నడగకు.

గిన్నెల ఆముదం మిగిలింది. పారబోస్తనా? మోకాళ్లకు రాసుకుంటున్న. గివ్విటి మీద ముందుగాలనే నంబరు లేదు. ఏ జమేదారూ గుంజుకోడు.