పాస్టరమ్మ పట్టిన పళ్ళెం

హోండురాస్‌లోని తేలా ఊళ్ళో చిన్న చర్చి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి పాదాలొకరు కడిగే ఆదివారం. కుర్చీలో, బజారులో మొక్కజొన్న రొట్టెలమ్మే బసీలియా. ఎదురుగా నీళ్ళ పళ్ళెంతో మోకాళ్ళ మీద పాస్టరుగారి భార్య ఎర్లిండా.

“ఆ కాలు కూడా పెట్టక్కా.”

“మీరెందుకు పాస్టరమ్మా? మీరెప్పుడూ డాక్టరుగారి భార్యతోనేగా కూర్చునేది. ఆవిడైతే ఇంట్లోనే కడుక్కుని మరీ వస్తుంది.”

“ఈసారి నీ దగ్గరికి రావాలనిపించింది. నీళ్ళ వేడి సరిపోయిందా?”

“సరిపోయింది.”

“అయ్యో, నా చేతులే కాలిపోతున్నాయి! చెప్పవేం?”

“షుగరొచ్చాక కాళ్ళకేం తెలియట్లేదు. కడగండి.”

“చన్నీళ్ళు కలుపుతానుండు... అక్కా, నావల్ల నీకేదైనా కష్టం కలిగుంటే క్షమించు.”

“ఏదైనా అంటే?”

“అంటే... తెలిసో తెలియకో...”

“తెలిసా? తెలియకా?”

“మెల్లిగా. పక్కవాళ్ళు వింటారు.”

“ఆ రోజు పక్కవాళ్ళు వినాలనేగా మైకు పట్టుకున్నారు.”

“ప్రార్థన చెయ్యమన్నానక్కా, అంతే. మన నోయెమి కోసం...”

“‘బసీలియా కూతురు లారీ డ్రైవరుతో లాడ్జిలోంచి వస్తుంటే చూశాను, ఆ పిల్ల కోసం ప్రార్థించండి’ అన్నారు. నలభైమంది ఆడవాళ్ళు ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.”

“అక్కా...”

“వేళ్ళ మధ్య బాగా తుడవండి. తడి ఉంటే పుండు పడుతుంది.”

“అది... అది నోయెమి కాదు.”

“ఊఁ.”

“పసుపు గౌను చూసి అనుకున్నాను. ఎవరో వేరే పిల్ల. క్రిస్మస్‌కే తెలిసింది నాకు. పాస్టరు భార్యనయ్యుండి, తప్పు చెప్పానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నోరు మూసుకున్నాను. ఇన్ని నెలలూ మూసుకునే ఉన్నాను. తిట్టక్కా. కొట్టినా పడతాను.”

“తిట్టాలని లేదు.”

“పోనీ, ఏడువు!”

“రావట్లేదు. లోపల కూడా ఈ కాళ్ళలాగే ఉంది.”

“క్షమించానని ఒక్క మాట అను. లేకపోతే ఇవాళ నేను రొట్టె ముట్టుకోలేను.”

“క్షమించాను. వెళ్ళి తీసుకోండి.”

“నిజంగానా?”

“నిజంగానే.”

“దేవుడు నిన్ను చల్లగా చూడాలి! మరి ఇక నీ వంతు. నేనిలా కూర్చుంటాను, నా కాళ్ళు నువ్వు కడుగు. ఇద్దరం కలిసి బల్ల దగ్గరికి వెళదాం.”

“నేనివాళ రొట్టె తీసుకోను.”

“క్షమించానన్నావుగా!”

“మిమ్మల్ని క్షమించాను. మీరు చూసింది పసుపు గౌను. నేను నోయెమిని కన్నదాన్ని. ‘అది నేను కాదమ్మా’ అని ఆ రోజు నా రెండు కాళ్ళూ పట్టుకుంది. అప్పటికింకా కాళ్ళకి తెలుస్తూనే ఉంది. పాస్టరమ్మ అబద్ధం చెబుతుందా అని దాని బట్టల సంచి వీధిలోకి విసిరేశాను.”

“ఇప్పుడెక్కడుంది?”

“చోలోమా పట్నంలో, బట్టల ఫ్యాక్టరీలో. పన్నెండు గంటలూ నిలబడే పనట. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టట్లేదని మా చెల్లెలు చెప్పింది.”

“ఏం చేద్దామక్కా?”

“ఆ పళ్ళెం, తువ్వాలు ఇలా ఇవ్వండి. పదకొండింటికి చోలోమాకి బస్సుంది.”