రెండు పాయింట్ సున్నా

కూర్చో యూలే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు. ఇటు, కిటికీ పక్కది. అయ్యో, ఆ కారు ప్లేట్లు అలా కలిపెయ్యకు తల్లీ! విప్పిన వరసలోనే బల్ల మీద పెట్టుకుంటూ రా. ఎడమవి ఎడమన, కుడివి కుడిన. ఆఁ, అలా. కింద పాత పేపరు పరిచావు, మంచి పని చేశావు. కంపు సంగతి పట్టించుకోకు, గేర్ నూనెలో గంధకం ఉంటుంది, కుళ్ళిన గుడ్డు వాసనే వస్తుంది, ఈ వంటింటికి అదేం కొత్త కాదు. నా దగ్గర స్క్రూగేజి ఉందని నీకెవరు చెప్పారు? బేకరీలోనా? అనుకున్నాను. ఈ ఊళ్ళో ఎవరింట్లో ఏ గిన్నె ఉందో బేకరీలో చెబుతారు. అది నాది కాదులే, మత్తేస్‌ది. ఇళ్ళకి పలకరాళ్ళ కప్పులు వేసేవాడు. నువ్వెరగవు, వాడు పోయేటప్పటికి నీకింకా పాలపళ్ళు ఊడుతూ ఉండి ఉంటాయి.

మత్తేస్ నా దగ్గర చదివాడు. అప్పుడు మన ఊరి బడి ఒకటే గది, అన్ని తరగతులూ అందులోనే. మూడో వరస, పొయ్యి పక్క బెంచీ. మంచివాడే, కానీ దశాంశాలు వచ్చేసరికి వాడి మొహం గోడకేసిన సున్నంలా అయిపోయేది. పాయింట్‌కి అవతల ఏముంటుందో వాడికి అర్థమయ్యేది కాదు. రెండు పాయింట్ ఐదు పెద్దదా, రెండు పాయింట్ పదకొండు పెద్దదా అంటే, "పదకొండే టీచరమ్మా, ఐదు కంటే పదకొండు పెద్దది కాదూ?" అని నన్నే ఎదురడిగేవాడు. నేను ఎర్రసిరాతో గీత కొట్టేదాన్ని. ఎన్ని గీతలు కొట్టానో. బడి వదిలాడు, కప్పులెక్కాడు, నేను మర్చిపోయాను. ఇరవై ఏళ్ళ తర్వాత, ఒక జనవరిలో, అదిగో ఆ తలుపు దగ్గర నుంచున్నాడు, చంకలో పసిపిల్లని పట్టుకున్నట్టు ఒక గోనెసంచీ మూట. "టీచరమ్మా, మీరు తిట్టనంటే ఒకటి అడుగుతాను" అన్నాడు. ముప్పై దాటిన మనిషి! "వందో భాగానికీ పదో భాగానికీ తేడా ఇంకోసారి చెబుతారా?" అన్నాడు.

మూటలో ఉన్నది ఇదే. నీ కారులోంచి ఊడదీసి తెచ్చిన ఈ ఇనప గుండులాంటిదే అనుకో. కుర్రాళ్ళు ఉత్తినే 'తాళం' అంటారుగా. నువ్వు రింగు మీద, ఆ పందేల బాట మీద, కారు తిప్పుతావు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, నాకు చెప్పకపోతే తోచదు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి, బయటిది ఎక్కువ. అందుకని వెనక ఇరుసులో రెంటికీ విడివిడిగా తిరిగే వీలు ఇచ్చారు. బాగానే ఉంది. కానీ వేగంగా పోతూ మలుపులో లోపలి చక్రం నేల వదిలిందనుకో, ఇంజను బలమంతా ఆ గాలిలో తిరిగే చక్రానికే పోతుంది. తరగతిలో ఒక్కడు అల్లరి చేస్తే టీచరు ఓపికంతా వాడి మీదికే పోయినట్టు, బుద్ధిగా కూర్చున్న వాడికి ఏమీ మిగలదు. ఈ ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుని, గట్టిగా పట్టుకుని, ఆ బుద్ధిమంతుడికి కూడా వాటా ఇప్పిస్తాయి. రాసుకుంటాయి కనక అరుగుతాయి. అరిగితే దొంతర పలచబడుతుంది, పట్టు పోతుంది. అప్పుడు విప్పి, ఒక్కొక్కటీ కొలిచి, అరిగినంత మేరా దళసరి బిళ్ళ వేసి మళ్ళీ బిగించాలి. ఊళ్ళో నడిపే కారునే ఆదివారం పూట రింగు మీదికి తీసుకుపోతే మరీ తొందరగా అరుగుతాయి. వాడి తెల్ల కారు సంగతి అదే. వారమంతా నిచ్చెనలు మోసేది, ఆదివారం పరుగెత్తేది.

చలికాలం కప్పుల మీద మంచు, వాడికి పని ఉండదు. రింగు కూడా మూసేస్తారు. కాబట్టి ప్రతి జనవరీ ఇక్కడే. నేను కొలిచేదాన్ని, కాగితం మీద లెక్క వేసేదాన్ని, ఏ బిళ్ళ వెయ్యాలో ఆఖర్న గీత కింద రాసేదాన్ని. వాడు కూర్చేవాడు. కొత్త ప్లేట్లు బిగించే ముందు ఒక పూటంతా నూనెలో నానాలి, నా కేకు పళ్ళెంలోనే నానబెట్టేవాడు. "కడిగి ఇస్తాను టీచరమ్మా" అనేవాడు. కడిగేవాడు కూడా, అయినా ఆ పళ్ళెంలో వేసిన ప్లమ్ పళ్ళ కేకుకి ఏదో ఒక యంత్రపు రుచి వచ్చేది. పక్కింటి ఎన్నె ఊరుకునే మనిషా? గోడవతల నించి, "ఏమమ్మా టీచరమ్మా, పెళ్ళికాని మగాడు నాలుగు రోజులై నీ వంటింట్లో ఏం వండుతున్నాడు? వాసన వీధి దాకా వస్తోందీ!" అనేది. నేను, "దశాంశాలు" అనేదాన్ని. "ఓహో, ఇప్పుడలా అంటున్నారా!" అనేది. వాడు సిగ్గుతో చెవులదాకా ఎర్రబడి బల్ల కింద పడిపోయిన స్ప్రింగు వెతుక్కునేవాడు, ఏ స్ప్రింగూ పడకపోయినా సరే. నాలుగు రోజులు. పొద్దున వచ్చి పొద్దుగుంకాక పోయేవాడు. మధ్యాహ్నం బంగాళాదుంప తురిమి పందిమాంసం ముక్కలతో కాల్చి పెట్టేదాన్ని, మూడుసార్లు వేసుకునేవాడు. అలా పదకొండు జనవరులు. నేను లెక్కబెట్టుకున్నాను కదా, నాకు తెలుసు.

పన్నెండో జనవరికి ముందు వేసవిలో నేను రిటైరయ్యాను. పూలగుత్తి ఇచ్చారు, పిల్లలు పాట పాడారు. మర్నాడు పొద్దున ఆరింటికే లేచాను. ఆరున్నరకి తయారైపోయాను. ఏడింటికి... ఏడింటికి ఏముంది? నువ్వు ఒంటరిగా ఎప్పుడైనా ఉన్నావా అమ్మాయ్, అంటే రోజంతా నీ గొంతు నీకే వినపడకుండా? సాయంత్రం ఎన్నెతో గోడమీద నాలుగు మాటలు, అవీ ఆమె తుంటి నొప్పి గురించి. ఆ శరదృతువులో ఎన్నె కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను జనవరి కోసం కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, బడిపిల్లలు సెలవలకి గోడ మీద గీతలు గీసుకున్నట్టు కూర్చున్నాను. వాడు వచ్చాడు. నాలుగు రోజులు. మూడో రోజు సాయంత్రం కొలతలన్నీ అయ్యాయి. ఒక్కో పక్క దొంతర ఇరవై ఒకటి పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్నవన్నీ కలిపితే పందొమ్మిది పాయింట్ రెండు. ఏదీ, తేడా చెప్పు. ఆఁ, రెండు పాయింట్ రెండు. రెండో తరగతి పిల్లకి చెప్పే తీసివేత. నేను గీత గీశాను. గీత కింద రెండు పాయింట్ సున్నా అని రాశాను.

పొరపాటున కాదమ్మా. చూసే రాశాను. పోస్టుకార్డు మందం కూడా లేని తేడా. ఆ తేడాతో తాళం పట్టీ పట్టనట్టు ఉంటుంది, వేసవి నడిమికి పూర్తిగా వదిలేస్తుంది, మళ్ళీ మూట కట్టుకుని వస్తాడు, జనవరి దాకా ఆగక్కర్లేదు. అంతే నేననుకున్నది. ప్రాణానికేం ముప్పు లేదని పదకొండేళ్ళు వాడే నాకు చెప్పాడు: "పట్టు పోతే ఏముంది టీచరమ్మా, లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది, నేను నత్తలా బయటికొస్తాను" అని. అయినా ఆ వసంతంలో ఒక ఆదివారం వాడి కారు చెప్పిన వేళకి తిరిగి రాలేదు. నేను ఈ కిటికీ దగ్గర నిలబడి గంటన్నర... వద్దులే. ఎవరిదో మోటారు సైకిలు ఆగిపోతే లారీ వచ్చేదాకా తోడుగా కూర్చున్నాడట, అంతే. కానీ నేను చెప్పదలుచుకున్నది అది కాదు. బిగించిన రోజు సంగతి. బిగించాక ముల్లున్న కడ్డీతో తిప్పి బిగువు చూస్తారు కదా, ఎప్పుడూ డెబ్బై దాకా పోయే ముల్లు ముప్పై దగ్గర ఆగిపోయింది. వాడు ఇంకోసారి తిప్పాడు. ముప్పై. కాగితం కేసి చూశాడు. నా కేసి చూశాడు. "కడ్డీ పాడైనట్టుంది, టీచరమ్మ లెక్క తప్పుతుందా ఏమిటి" అని నవ్వి సంచీలో పెట్టేసుకున్నాడు. తన చేతిని నమ్మలేదు చూడు, నా అంకెని నమ్మాడు.

జూన్‌లో వచ్చాడు. నేను అనుకున్నట్టే. ప్లమ్ పళ్ళ కాలం కాదు, చెర్రీ కేకు చేశాను. విప్పాడు, పరిచాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేలోగా వాడే స్క్రూగేజి తీసుకుని కొలవడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళు పక్కన కూర్చున్నాడు, నేర్చుకోడూ? నా కాగితాలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకునేవాడు, జనవరి కాగితం తీశాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ కిందికొచ్చాడు. కొలతలు సరి. కూడిక సరి. గీత. గీత కింద వేలు ఆగిపోయింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, డబ్బాలో కాదు. అప్పుడు నాతో గట్టిగా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి, "టీచరమ్మా. మీకు. ఈ మధ్య. చూపు. ఎలా ఉంది?" అన్నాడు. చూపు పోతే చెవులకేం వచ్చిందీ! కానీ ముసలివాళ్ళతో అలాగే మాట్లాడతారు కదా. నాతో మొదటిసారి అలా మాట్లాడాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. "ఒరే మత్తేస్, నా చూపు గద్ద చూపు, నేను కావాలనే రాశాను, నాకు తోచడం లేదురా" అని. నోటిదాకా వచ్చింది. కానీ అలా చెబితే వాడు ఆ పదకొండు కాగితాలూ తీసి మళ్ళీ చూస్తాడు, ఏది నిజం ఏది అబద్ధం అని. నేను ముప్పై తొమ్మిదేళ్ళు పిల్లలకి ఎర్రసిరా పెట్టినదాన్ని. "కొంచెం మసకగా ఉంటోందిరా" అన్నాను. పాపం, ఆ శనివారమే పని మానుకుని కారేసుకుని వచ్చాడు, కింద టౌన్‌లో కళ్ళద్దాల దుకాణానికి తీసుకుపోతానని. బయట కారులో కూర్చున్నాడు. లోపల ఆయన నన్ను పరీక్ష చేసి, "అమ్మా, ఈ వయసులో ఈ కళ్ళా! నావి మీకిచ్చి మీవి నేను తీసుకోనా?" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? తలుపు పక్కన గుండ్రంగా తిరిగే స్టాండు ఉంటుందే, పేపరు చదువుకునే చౌక అద్దాలు, అందులోంచి ఒక జత కొనుక్కుని, పెట్టుకుని బయటికి వచ్చాను. మెట్టు కనపడక తూలాను. వాడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నవ్వకు. సరే, నవ్వు, నాకూ నవ్వే వస్తుంది ఒక్కోసారి.

ఇంక పని ఏముంది? "మీ కళ్ళు కష్టపెట్టకండి, మీరు నేర్పిందేగా, నేను చేసుకుంటాను" అన్నాడు. తను కొత్త స్క్రూగేజి కొనుక్కున్నాడు, పాతది ఇక్కడే వదిలేశాడు, గుర్తుగా ఉంచుకోమని. ఆ జనవరిలో నేను అలవాటు కొద్దీ బంగాళాదుంపలు తురిమాను. సాయంత్రం నాలుగైనా రాలేదు. మంచులో బూట్లేసుకుని వాడి షెడ్డు దాకా నడిచాను, లోపల దీపం ఉంది. తలుపు తడదామని చెయ్యి ఎత్తాను. లోపల వాడు పైకి చదువుకుంటున్నాడు: "పాయింట్. పక్క గది పదో భాగం. దాని పక్క గది వందో భాగం. గదులు దాటకు, తొందరపడకు." నా మాటలే. నా గొంతులాగే, నేను ముక్కుతో పలకడంతో సహా. తప్పు లేకుండా చదువుతున్నాడు. నాకు సంతోషం వేసిందమ్మా, అది అబద్ధం కాదు. చెయ్యి దించేసి వెనక్కి వచ్చేశాను. ఇంక లోపలికి వెళ్ళి ఏమని అడగను?

నన్ను చూడటానికి రాలేదని కాదు. ప్లమ్ పళ్ళ కాలంలో ఒకసారి, క్రిస్మస్‌కి ఒకసారి. కట్టెలు పేర్చిపెట్టేవాడు, కూర్చుని నాకు పేపరు చదివి వినిపించేవాడు, నేను పొద్దున్నే చదివేసిన పేపరే. కారు వీధి మలుపు తిరుగుతున్న చప్పుడు వినగానే నేను సొరుగు తీసి కళ్ళద్దాలు పెట్టుకునేదాన్ని. అవి పెట్టుకుంటే చెయ్యి చాచినంత దూరం దాటితే అంతా పాలలో ముంచినట్టు ఉంటుంది. అలా ఆరేళ్ళు వాడిని నేను మసకగానే చూశాను. జుట్టు నెరిసిందట, తర్వాత ఫొటోలో చూసి తెలుసుకున్నాను. చిక్కిపోయాడు కూడా, అదీ నాకు తెలియలేదు. చూసి ఉంటే అడిగేదాన్నేమో, డాక్టరు దగ్గరికి వెళ్ళరా అని ముందే... ఏమో.

నలభై తొమ్మిదేళ్ళకి. కడుపులో గడ్డ. ఆస్పత్రికి రెండు బస్సులు మారాలి. దారిపొడుగునా మనసులో వల్లె వేసుకున్నాను, "మత్తేస్, ఆ రెండు పాయింట్ సున్నా నేను తెలిసే రాశాను." నాలుగో తరగతి పిల్ల పద్యం అప్పజెప్పినట్టు. గది తలుపు దగ్గర ఆగి, సొరుగులోంచి కాదు, సంచీలోంచి, అద్దాలు తీసి పెట్టుకున్నాను. చెయ్యి దానంతట అదే పెట్టుకుంది. లోపల మంచం మీద తెల్లగా ఏదో ఉంది, అంతే కనపడింది నాకు. అది కదిలింది. "టీచరమ్మా! ఒక్కరే వచ్చారా? బస్సు నంబరు ఎలా చదివారు?" అన్నాడు. గొంతు వాడిదే. ఎవరినో అడిగానన్నాను. కుర్చీ ఎక్కడుందో నాకు చెప్పాడు, ఎడమకి రెండడుగులు, జాగ్రత్త, అని. కూర్చున్నాను. నోరు తెరిచాను. వాడు కాస్త ముందుకి వంగాడు అనుకుంటాను, ఆ తెలుపు దగ్గరికొచ్చింది, "ఇప్పుడు కనిపిస్తున్నానా టీచరమ్మా?" అన్నాడు.

కనిపిస్తున్నావురా, అన్నాను. బాగా కనిపిస్తున్నావు.

...

యూలే, రేపు చెత్తబండి పసుపురంగు ప్లాస్టిక్ చెత్త సంచులు తీసుకెళ్ళే రోజు కదూ? నీవి బయట పెట్టావా?