ఏమోయ్, టీ పెట్టనా

కౌన్సెలర్ గది. మధ్యాహ్నం. ఎదురెదురుగా రెండు కుర్చీలు, పక్కన ఖాళీగా ఇంకొకటి. వచ్చినాయన కళ్లజోళ్ల షాపు నడుపుతాడు, వయసు మళ్లినవాడు. కౌన్సెలర్‌ది ఆయన కూతురి ఈడు.

“అదంతా ఎందుకమ్మా ఇప్పుడు? ఇవాళ్టితో సరి అని చెప్పిపోదామనే వచ్చా.”

“చెబుదురుగానీ. ముందు కూర్చోండి.”

“కూర్చుంటే మళ్లీ ఏదో ఒకటి చేయిస్తారు మీరు. పోయినసారి ఆ ముక్క నాచేత అనిపించి అనిపించి చంపారు.”

“చిన్న మాటతో మొదలుపెడదామనుకున్నాంగా. టీ మాట.”

“ఆ టీ మాటే నా కొంప ముంచింది.”

“అడిగారా మీ ఆవిడని?”

“షాపు మీద గది ఖాళీగానే ఉంది. ఓ మంచం వేయించుకుంటే చాలు. నెలాఖరుకి మారిపోతున్నా.”

“అడిగారా?”

“అడిగా.”

“ఏమని?”

“మీరు నేర్పినట్టే. ‘ఏమోయ్, టీ పెట్టనా’ అని. నవ్వకండి.”

“నవ్వట్లేదండీ. ఎన్నేళ్లకి అన్నారో ఆ మాట.”

“మా అమ్మాయి స్కూల్లో ఉండగా ఆగిపోయింది మా ఇద్దరికీ మాట. ఇప్పుడు దాని కూతురు స్కూలుకెళ్తోంది. ఏదో ఆవేశంలో ‘నీతో మాట్లాడ్డం దండగ’ అన్నా. ‘అయితే మానెయ్యండి’ అంది. మానేశా. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టు. అంతే.”

“మరి ఇల్లెలా గడిచింది?”

“అమ్మాయి ఉందిగా. ‘మీ నాన్నని అన్నానికి రమ్మను.’ ‘మీ అమ్మని నా నీలం చొక్కా ఎక్కడుందో అడుగు.’ మా ఇద్దరి మధ్యా అదే పోస్ట్‌మన్, పిచ్చిపిల్ల. అది కాపరానికి వెళ్లాక గోడకి చెప్పుకునేవాళ్లం.”

“గోడకా?”

“‘ఎవరో గొడుగు మర్చిపోయి వెళ్లిపోతున్నారు’ అనేది, గోడని చూస్తూ. నేను వెనక్కొచ్చి గొడుగు తీసుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు. గోడ కూడా మూగదైపోయింది.”

“ఆ రోజు టీ అన్నప్పుడు ఏమన్నారు ఆవిడ?”

“ఏమంటుంది? ఏమీ అన్లేదు. తిరిగి కూడా చూళ్లేదు. వదిలెయ్యండమ్మా.”

“సరే, వదిలేద్దాం. వెళ్లేముందు ఒక్కటి. ఆ ఖాళీ కుర్చీలో ఆవిడ ఉన్నారనుకోండి. మారిపోతున్న సంగతి నాకు కాదు, ఆవిడకి చెప్పండి.”

“గోడ అయిపోయింది, ఇప్పుడు కుర్చీ వంతా!”

“కుర్చీకి కాదు. ఆవిడకి.”

“నాకు సిగ్గమ్మా.”

“నేను అటు తిరుగుతా.”

“అక్కర్లేదు… ఏమోయ్. నేను… షాపు పైకి వెళ్లిపోతున్నా. నువ్వు ‘వద్దు’ అన్నా ఉండేవాణ్ణి. ‘పెట్టుకుంటే పెట్టుకోండి, నాకెందుకు’ అని విసుక్కున్నా ఉండేవాణ్ణి. సాయంత్రం షాపు మూశాక ఇంటికి రాబుద్ధి కాక బజారు చివరిదాకా నడుస్తా, రోజూ. అక్కడ ఎవరూ లేరు, ఏమీ లేదు. తిరిగొస్తా. మన వంటింటి లైటు కనపడుతుంది. అది చూసి… అది చూసి… చాలమ్మా. నా వల్ల కాదు.”

“మంచినీళ్లు తాగండి.”

“ఊఁ.”

“ఇప్పుడు మీరు ఆ కుర్చీలోకి మారండి. మీరే ఆవిడ. మీ ఆయన అన్నదంతా విన్నారు. ఏమంటారు?”

“నేనేమంటానో నాకు తెలుసు. తనేమంటుందో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్లుగా నేను చూసింది తన వీపొక్కటే.”

“అయితే వీపుతోనే మొదలుపెడదాం. కుర్చీ గోడవైపు తిప్పుకోండి.”

ఆయన గొణుక్కుంటూనే కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్లి ఆయన వెనక నిలబడింది.

“ఏం చేస్తున్నారు మీరు?”

“గిన్నెలు… గిన్నెలు తుడుస్తున్నా.”

“కుళాయి తిప్పి ఉందా?”

“లేదు, కడగడం అయిపోయింది. గుడ్డతో తుడిచి ఒక్కోటీ పెడుతున్నా.”

“మీ ఆయన వెనకాల వచ్చి నిలబడ్డాడు. ‘ఏమోయ్’ అన్నాడు. మీకేమనిపించింది?”

“కోపం వచ్చింది. ఇన్నేళ్లకి గుర్తొచ్చానా అని.”

“కోపం వస్తే మీరేం చేస్తారు?”

“భుజం బిగుస్తుంది. కుడి భుజం. గిన్నె ఠపీమని పెడతా. ఆ వీపు చదవడం నాకు బాగా వచ్చమ్మా, అంటే, ఆయనకి వచ్చు.”

“ఆ రోజు బిగిసిందా?”

“…లేదు.”

“గిన్నె ఠపీమందా?”

“లేదు. మెల్లిగా పెట్టింది. రెండోసారి అన్నా. ఇంకో గిన్నె తీసింది. అదీ మెల్లిగానే.”

“తర్వాత?”

“తర్వాత గుడ్డ ఆరెయ్యడానికి ఇటు తిరిగింది. నన్ను చూసి ఉలిక్కిపడింది. చేతిలో గుడ్డ జారిపోయింది. అంత అసహ్యమా నేనంటే అనుకుని నేను వచ్చేశా.”

“ఆవిడై చెప్పండి. ఎందుకు ఉలిక్కిపడ్డారు?”

“ఎందుకంటే… ఆయన అక్కడ ఉన్నట్టు నాకు తెలీదు.”

“రెండుసార్లు పిలిచాడు కదా?”

“పిలిచాడు…”

“చెప్పండి.”

“ఆగండమ్మా. ఒక్క నిమిషం ఆగండి. నా మొహంలోకి కాదు, నా నోటి వంక చూసింది. నోటి వంక అలా… కంటి చూపు మందగించినవాళ్లు బోర్డు మీద అక్షరాల వంక చూస్తారు చూడండి, అలా.”

“ఊఁ.”

“టీవీ సౌండు తీసేసి పెట్టుకుంటుంది ఈమధ్య. కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ. నా మీద కక్షతో అనుకున్నా. అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా ‘అమ్మ ఫోనెత్తట్లేదు నాన్నా, మెసేజీలే పెడుతోంది’ అంటుంది. మొన్న కుక్కర్ కూత మీద కూత వేస్తుంటే పక్క గదిలో కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటోంది. నేనే వెళ్లి స్టవ్ కట్టేశా. పొగరు చూడు, అనుకుంటూ కట్టేశా.”

“కుర్చీ ఇటు తిప్పుకోండి, సార్.”

“వద్దు. ఇలాగే ఉండనివ్వండి కాసేపు.”

“ఎన్నాళ్ల నుంచి వినపడట్లేదో ఏమో. మీ అమ్మాయికి చెప్పలేదా ఆవిడ?”

“అంత దూరంలో ఉన్న పిల్లని కంగారు పెడుతుందా? పెట్టదు.”

“మరి ఇంకెవరికైనా?”

“ఇంకెవరికి చెప్పుకుంటుందమ్మా? ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.”